అక్క గొంతుకు తగిన కరెంటు

వీధిలో అందరికీ ఆయన వాల్వుల మామయ్య. ఆ పేరు పెట్టింది సొంత మేనకోడలే. రేడియో రిపేర్లు చేసేవాళ్ళంతా ట్రాన్సిస్టర్లకు మారి ఎంతో కాలమైనా ఆయన మాత్రం వాల్వులను పట్టుకుని వేలాడుతున్నాడు. గాజుబుడ్డిలో ఎర్రగా వెలిగేది ఒకటి లేకపోతే అది మిషనే కాదని ఆయన వాదన. మొండిఘటం.

ఆయన అక్క బస్సు స్టేషన్లో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేది. ఆ గొంతు విని పరిగెత్తని మనిషి ఊళ్ళో లేడు. ఇప్పుడు ఆ గొంతులోనే పుండు లేచింది. నెలాఖరున ఆపరేషను, స్వరపేటిక తీసేస్తారు. ఆలోపు అక్క గొంతును టేపు మీదకెక్కించి మేనకోడలి చేతిలో పెట్టాలని మామయ్య కంకణం కట్టుకున్నాడు. దానికోసం మైకు వెనక పెట్టి సన్నని ధ్వనిని పెద్దది చేసే ప్రీయాంప్లిఫయరు తానే కడుతున్నాడు.

"పక్కింటి వాళ్ళ టేపురికార్డరు అడిగి తెస్తాను మామయ్యా. ముందు దాంట్లో పట్టేద్దాం," అంది మేనకోడలు.

"ఆ డబ్బాలోనా? మీ అమ్మ గొంతు రేకు డబ్బా కొట్టినట్టు వినపడుతుంది. కాస్త ఓపిక పట్టమ్మా."

ఇక్కడే ఆయన చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ వినే రకమా?

ఆయన తంటా అంతా ఒక్క వాల్వుతో. దాని కింద బిగించే చిన్న రెసిస్టరును బట్టి అందులో ఎంత కరెంటు పారాలో తేలుతుంది. ఎక్కువైతే వాల్వు లోపలి ప్లేటు దగ్గర వోల్టేజి పడిపోయి, గట్టిగా పలికిన చోట మాట చితికిపోతుంది. తక్కువైతే సుయ్యిమనే రొద పైకి తేలి, మెల్లగా పలికింది అందులో మునిగిపోతుంది.

"ఏదైనా మాట్లాడక్కా," అనేవాడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని.

"ఏం మాట్లాడను?"

"నన్ను తిట్టు."

"అది నాకు కొత్తా? గడియారం విప్పదీసి, బిగించడం చేతకాక మంచం కింద దాచిన వెధవ్వి నువ్వు. తన్నులు తిన్నది నేను." అంటూ నవ్వేది. నవ్వు దగ్గర మాట చితికేది. కరెంటు తగ్గించేవాడు. వాల్వు కుదరకుండా టేపు తిప్పడమంటే ఆయనకు ఉడకని కూర వడ్డించడం లాంటిది. అందుకే ఆ తిట్లలో ఒక్కటీ టేపు ఎక్కలేదు.

నవ్వుకు కుదిరేసరికి అక్క గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు రొదే పైకి వినపడుతోంది. కరెంటు పెంచాడు. దానికి కుదిరేసరికి బొంగురూ సన్నబడింది. మళ్ళీ రెసిస్టరు ఊడదీశాడు. ఎక్కువ మాట్లాడించవద్దని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి మామయ్యకూ తెలుసు. తెలిసే, "ఇంకొక్కసారి అక్కా," అనేవాడు. అక్క పాపం కాదనేది కాదు. తమ్ముడి పని మీద ఆమెకు అంత గురి.

ఒకనాటి మధ్యాహ్నం వాల్వు కుదిరింది. రొద లేదు, గుర్రుమనే హమ్ము లేదు. పక్కగదిలో మేనకోడలు పేజీ తిప్పినా హెడ్‌ఫోనులో వినపడుతోంది. తన జన్మలో ఇంత శుభ్రంగా కట్టలేదని మామయ్యకు తెలిసిపోయింది. మేనకోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని టేపు తిప్పాడు.

"పిల్లను పేరు పెట్టి పిలువక్కా. అదొక్కటి చాలు."

అక్క నడుము నిటారుగా చేసుకుని, స్టేషన్లో లాగే మైకుకు జానెడు దూరంలో కూర్చుంది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఊపిరి వచ్చింది, దాని వెనక ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఊపిరే. మామయ్య చెవుల్లో ఆ ఊపిరి ఏ మచ్చా లేకుండా వినపడింది. ఇక తిప్పడానికి, మార్చడానికి, పెంచడానికి ఏమీ లేదు.

మేనకోడలు తల్లి వంక చూడలేక గోడ వైపు తిరిగింది. అక్క కళ్ళలో భయం మెల్లగా కమ్ముకుంటోంది. తన గొంతు మీద చెయ్యి వేసుకుని, ఏమైందన్నట్టు తమ్ముడి వైపు చూసింది.

"నాదే తప్పక్కా," అన్నాడు మామయ్య. "కరెంటు సరిపోలేదు. ఒక్క నిమిషం కూర్చో."

అక్క తేలికపడి తలూపింది. ఆయన స్విచ్చి ఆపి, సోల్డరింగ్ ఐరన్ అందుకుని, ఏ లోపమూ లేని ఆ రెసిస్టరును ఊడదీయసాగాడు.