రోజు మార్చి రోజు

“మా ఆవిడకి కాస్త మతిమరుపండీ,” అన్నాడు భర్త.

డాక్టరమ్మ అడిగింది ఆయన్ని కాదు. “మాత్రలు ఎప్పుడైనా మానేశారా?” అని భార్య మొహంలోకి చూస్తూ అడిగింది. ఆమె నోరు విప్పేలోపే ఆయన జవాబు బల్ల మీద పడింది. ఆమె సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ తల వంచుకుంది.

“హెపటైటిస్-సి జబ్బుకి ఈ మందు వాడినవాళ్లలో దాదాపు అందరికీ తగ్గిపోతుంది,” అంది డాక్టరమ్మ. “మీకు వైరస్ అలాగే ఉంది. కంగారేమీ లేదు, దారులున్నాయి. మూడు మందులు కలిసిన వేరే మాత్ర ఉంది. దానికి ముందు వైరస్ ఎంత మొండికేసిందో చూడ్డానికి ఒక రక్తపరీక్ష, లివర్‌కి ఒక స్కాన్. కానీ రోజూ వేసుకున్నా తగ్గలేదా, మానేస్తే తగ్గలేదా అన్నది నాకు తెలియాలి. ఈసారి కూడా చెడితే ఆ తర్వాత నా చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.”

“అదేనండీ నేనూ చెప్పేది. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయే మనిషికి మాత్రలేం గుర్తుంటాయి,” అని నవ్వాడాయన. డాక్టరమ్మ నవ్వలేదు.

తను పాలు పొంగిపోనిచ్చిన రోజు ఒక్కటీ ఆమెకి జ్ఞాపకం లేదు. ఇంటి వెనక బేకరీలో ఏ పిండి ఎప్పుడు నానిందో, ఏ హోటలుకి ఎన్ని రొట్టెలు వెళ్లాలో, అత్తగారి బీపీ బిళ్ల అయిపోవడానికి ఇంకెన్నాళ్లుందో అన్నీ ఆమె తలలోనే ఉంటాయి. ఎప్పుడో ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తంతో వచ్చుంటుందని ఈ జబ్బు గురించి డాక్టరమ్మ చెప్పిన రోజున, “నువ్వింక కౌంటర్లో కూర్చోకు, జనం ఏమనుకుంటారో,” అన్నాడు భర్త. ట్రేలు కడగడానికి మాత్రం జబ్బు అడ్డు రాలేదు. అత్తగారు ఆమె గ్లాసు కిటికీలోకి మార్చి, “ఏమనుకోకమ్మా, ఎవరి జాగ్రత్త వాళ్లది,” అన్నారు. ఆమె ఏమీ అనుకోలేదు. తప్పు చేసినదానిలా ఆ గ్లాసుని చీకట్లోనే కడుక్కునేది.

తర్వాత ఊరికి అవతలి చివరున్న ల్యాబుకి వెళ్లి ఆయన కూడా పరీక్ష చేయించుకున్నాడు. ఆ మధ్యాహ్నం చల్లారుతున్న పొయ్యి పక్కన పిండి బస్తా మీద కూర్చుని ఏడ్చాడు. “నువ్వంటే కౌంటర్లో కూర్చోవు. బేకరీవాడికే ఈ జబ్బని తెలిస్తే మన బన్ను కుక్క కూడా ముట్టదు. ఆసుపత్రిలో పేరు రాయించుకోనిదే మందివ్వరు. అక్కడ మందులిచ్చేవాడు రోజూ మన దగ్గరే రొట్టె కొంటాడు. నీ మాత్రలున్నాయిగా. ఓ రోజు నువ్వు, ఓ రోజు నేను. మందు మందేగా, ఇద్దరికీ తగ్గుతుంది.”

తగ్గదని ఆమెకి అప్పుడే తెలుసు. ఈస్టు సగం వేస్తే రొట్టె సగం పొంగుతుందనుకున్నావట్రా అని పనివాళ్ల మీద రోజూ అరిచే మనిషి ఆయనే. అయినా తలూపింది. ఆమెకి ఇప్పటికీ మింగుడుపడనిది ఆ తలూపడం కాదు, ఆ తర్వాత తను సంతోషంగా ఉండటం. ఆయన పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, “ఇవాళ నీ వంతా, నా వంతా?” అని చిన్నగా అడిగేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె వంతు గురించి అడిగింది అప్పుడే. ఆ ఒక్క మాట కోసం తన ఒంట్లోని సగం మందు తీసి ఇచ్చేసింది. ఎంత చవకగా అమ్ముడుపోయానో అనుకుంటే రిపోర్టు చూసినప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది.

తగ్గలేదని రిపోర్టు రాగానే ఆ వంతుల మాట ఆగిపోయింది. “వాడు పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు. మాత్ర మింగడం కూడా చేతకాకపోతే ఎలా తల్లీ,” అన్నారు అత్తగారు భోజనాల దగ్గర. ఆయన కంచంలోంచి తలెత్తలేదు. నిన్న సాయంత్రం మాత్రం ట్రేలు కడుగుతున్న ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“కొత్త మందు ఇంకా గట్టిదట. ఈసారి కూడా అలాగే సర్దుకుందాం.”

“ఎందుకు తగ్గలేదని అడిగితే?”

“మర్చిపోయానని చెప్పు. పనిలో పడి ఆడవాళ్లు మర్చిపోవడం మామూలేగా.”

డాక్టరమ్మ పెన్ను తీసింది. “అయితే మధ్యలో మానేశారని రాస్తున్నాను. మీవారికి పరీక్ష చేయించారా?”

“చేయించాం, నాకేం లేదండీ,” అన్నాడాయన. బల్ల కింద ఆయన బూటు ఆమె పాదం మీదికి వచ్చి మెల్లగా నొక్కింది. కుట్టుమిషను పెడలు నొక్కినట్టుంది ఆ నొక్కడం. నొక్కితే తిరుగుతుందని అంత నమ్మకం. చెవులదాకా వేడెక్కింది ఆమెకి.

“అలా రాయకండి,” అంది కాలు వెనక్కి లాక్కుంటూ. “నేను ఒక్క రోజూ మర్చిపోలేదు. ఓ రోజు నేను వేసుకుని, మర్నాడు ఆయనకి నా చేత్తోనే ఇచ్చాను. ఆయనకీ ఉంది.”

నలుగురిలో ఒంటి మీద బట్ట జారిపోయినట్టు అనిపించింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

“ఏం మాట్లాడుతున్నావే,” అన్నాడాయన. మళ్లీ గొంతు తగ్గించి, “షాపు సంగతి ఆలోచించావా?” అన్నాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ తిట్టలేదు. “ఇక్కడి మాట బయటికి పోదు,” అంది. “ఇద్దరికీ విడివిడిగా పూర్తి మందు ఇవ్వొచ్చు. మొదటే ఇవ్వాల్సింది.” కొత్త కాగితం ముందుకి లాక్కుని ఆమెనే అడిగింది. “మీవారి పేరేంటమ్మా?”

ఆయన ఆమె వైపు తిరిగాడు. స్నానాల గదిలోంచి తువ్వాలు అడిగేటప్పుడు ఉండే మొహం అది. అడిగింది అందించే ఇన్నేళ్ల అలవాటు కొద్దీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పెదవులు బిగించి దాన్ని మింగేసింది.

“ఆయన్నే చెప్పనివ్వండి,” అంది.