లుంగీ గౌను

రోజూ పొద్దుగూకే యాళ్లకు నవత దండెం మీది బట్టలు తీసేది. అన్నీ ఆరేవి. బిడ్డ అలేఖ్య గౌను ఒక్కటే పచ్చిగా ఉండేది.

ఆ గౌను కుట్టింది నవత అత్త బుచ్చవ్వ. ఆమె కాపురానికొచ్చిన కాలంల ఇంట్ల ఏ గుడ్డా పారేసేటోళ్లు కాదు. ధోతి చినిగితే పిల్లలకు అంగీలు, చీర పాతదైతే లంగా, అదీ చినిగితే బొంత. కొడుకు లక్ష్మణ్ గల్ఫ్‌కు పోతూ విడిచిన నీలిగళ్ల లుంగీని గూడా అట్లనే కత్తిరించి మనుమరాలికి గౌను చేసింది. ఎడారిల మేకలు కాసే లక్ష్మణ్‌కు అక్కడ చెమట పడితే, ఇక్కడ గౌను తడిసేది.

"ఇయ్యాల మీ ఆయనకు పని బాగనే ఉన్నట్టుంది," అనేది పక్కింటి అనసూర్య, గౌను అంచు పిండి చూసి.

నవతకు నామోషీగా ఉండేది. మంచిర్యాలకు పోయి బిడ్డకు మంచి గౌను కొనాలనుకునేది.

ఎండకాలం ముదిరింది. లక్ష్మణ్ ఫోన్ బందయింది. చేస్తే కలుస్తలేదు. ఒక మధ్యాహ్నం నవత ముట్టుకుంటే గౌను చురుక్కుమన్నది. చుక్క తడి లేదు. గళ్ల మీద ఉప్పు తెల్లగా పేరుకున్నది.

"అత్తమ్మా, గిది చూడు!"

బుచ్చవ్వ చూసి గోడకు ఒరిగింది. "వాని ఒంట్ల నీళ్లు అయిపోయినయే పిల్లా."

"ఈడ నీళ్లు పోస్తే ఆడికి పోతయా?"

"ఎవలు పోసి చూసిండ్రు?"

నల్లా రాక ఇంట్ల ఒక్క బిందె మిగిలింది. నవత గౌనును గంపల పరిచి చెంబుతో పోసింది. గుడ్డ గటగట తాగింది. కిందికి చుక్క కారలే.

"అమ్మా, దూపైతుంది," అన్నది అలేఖ్య.

నవత చెయ్యి ఆగింది. బిడ్డకు ఒక గిలాస నీళ్లు తాపి, మిగిలిందంతా గౌను మీద కుమ్మరించింది. ఖాళీ బిందెతో అనసూర్య ఇంటికి ఉరికింది. అనసూర్య ఏమీ అడగలే, తన కుండ ఎత్తుకొని వెంట వచ్చింది. చూసి వాడకట్టు ఆడోళ్లంతా తెచ్చి పోసిండ్రు. దీపాలు పెట్టే యాళ్లకు గంప కిందికెల్లి సన్నగా నీళ్లు కారినయి. బుచ్చవ్వ గౌనును ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది.

వారం దాటినంక ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నవతా, నేనే. దవాఖానల ఉన్న. ఇంటికి పంపుతమంటున్నరు."

"ఏమైంది?"

"మంద తప్పిపోతే దేవులాడబోయి తొవ్వ మరిచినం, నేనూ, నాతోని పనిచేసే సూడాన్ ఆయనా. ఇద్దరం పడిపోయినం. నా అంగీ ఉన్నట్టుండి తడిసింది. పిండుకొని తాగిన. ఆయన నోట్ల గూడా పిండిన." "ఆయన మింగలే నవతా. అప్పటికే ఆలస్యమైంది."

నవత దండెం మీది గౌను అంచు పట్టుకున్నది.

"ఆయనకు ఎవలున్నరు?"

"పెండ్లాం ఉన్నది. మన అలేఖ్యంత బిడ్డ."