ఖాళీ బండి

అత్తగారిని బండి ఎక్కించాలంటే మార్లా ముందుగా పాలసీసాల ప్లాస్టిక్ పెట్టెని నేలమీద బోర్లించాలి. ఆ పికప్పు మనుషుల కోసం పుట్టింది కాదు, వెనకాల ట్రైలర్ నిండా పశువుల్ని లాక్కెళ్ళడానికి పుట్టింది. దాని మెట్టు మార్లాకే మోకాలు దాటుతుంది. ఎనభై దాటిన బెర్నిస్‌కి అది అటక ఎక్కడంతో సమానం. అందుకని వారానికి మూడు రోజులు, తెల్లారగానే మార్లా పెట్టె బోర్లిస్తుంది, ఆవిడ కాలు దాని మీద పెట్టిస్తుంది, తన భుజం ఆవిడ తుంటి కింద ఆనించి బస్తాని ఎత్తినట్టు పైకి ఎత్తుతుంది. ఇద్దరికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

బెర్నిస్ మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసి ఏడాది దాటింది. టౌన్లో ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుంటేనే ప్రాణం నిలుస్తుంది. అది చాలదన్నట్టు మొన్నటి చలికాలం వాకిట్లో మంచు మీద జారిపడి వెన్నెముకలో ఒక పూస నలగ్గొట్టుకుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. అది అతుక్కునేదాకా కుదుపులు తగలనివ్వొద్దు అన్నాడు డాక్టరు. వయోమింగ్ లాంటి పశువుల రాష్ట్రంలో ఉంటూ, కంకర రోడ్డు మీదే బతుకుతూ, కుదుపులు లేకుండా ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఆయన చెప్పలేదు. ఇంటి నుంచి పెద్ద రోడ్డుకి చేరాలంటే వాళ్ళ మేత బీళ్ళలోంచే పోవాలి. దారి పొడవునా చక్రాల కింద నలిగి నలిగి నేలంతా సిమెంటు రేకులా ముడతలు పడిపోయింది. మధ్యలో మూడు గేట్లు. బండికున్న షాక్ అబ్జార్బర్లేమో ఎప్పుడో నూనె కక్కుకుని చచ్చాయి.

ఆ దారిలో బెర్నిస్ ఏడుస్తుంది. చర్చిలో వెనక వరసలో కూర్చుని గుసగుసగా పాడే మనిషి, ఆ ముడతల మీద బూతులు తిడుతుంది. దేవుణ్ణీ, దారినీ, పోయిన మొగుణ్ణీ, ఒక్కోసారి మార్లానీ. మార్లా బండిని నత్తలా నడుపుతూ, అన్నీ విని, పక్కసీట్లోంచి జారిన దిండుని ఒక చేత్తో సర్దుతూ ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక కొడుకు వేడ్ గుమ్మంలో నిలబడి, "ఎలా ఉందమ్మా ప్రయాణం?" అంటాడు. "బానే ఉంది నాన్నా" అంటుంది బెర్నిస్. అంతసేపూ ఏడ్చిన మొహం ఎక్కడ దాచేస్తుందో మార్లాకి ఇప్పటికీ అర్థం కాదు.

షాకులు మార్చమని మార్లా శీతాకాలమంతా చెప్తూనే ఉంది. "ఇంకో ఏడాది వస్తాయి" అన్నాడు వేడ్. "నీకు ప్రతి చప్పుడూ రోగమే" అన్నాడు. తర్వాత ఒకరోజు సంతకి దూడల్ని తోలుకెళ్తుంటే ఈదురుగాలికి ట్రైలర్ తోక ఊపింది. ఆ రాత్రి భోజనం దగ్గర అతని మొహం పాలిపోయి ఉంది. "షాకులు మార్చాలి" అన్నాడు, ఆ మాట భూమ్మీద మొదటిసారి తనకే తట్టినట్టు. పెళ్ళాం నోరు వినపడలేదు, తల్లి నడుము వినపడలేదు, ట్రైలర్ తోక వినపడింది. మార్లా బంగాళాదుంపల గిన్నె అతని వైపు జరిపింది. పోనీలే, ఎలాగోలా మారుతున్నాయి కదా అనుకుంది.

ఆసుపత్రి రోజే టౌన్లో విడిభాగాల షాపుకి ముగ్గురూ కలిసి వెళ్ళారు. బెర్నిస్‌ని హీటర్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. గల్లా వెనక లైల్ ఉన్నాడు. వేడ్‌తో కలిసి చదువుకున్నవాడు, మార్లాతో మాట్లాడాల్సివచ్చినా వేడ్ మొహం చూసి మాట్లాడేవాడు. అతను మూడు రకాల పెట్టెలు తెచ్చి వరసగా పెట్టాడు. ఒక రకం బరువు లాగే బండ్లకి, చాలా బిరుసు. ఒక రకం మెత్తన, ఎక్కువగా మనుషులు తిరిగే బండ్లకి. మూడోది ఖరీదు, మర తిప్పి మెత్తగానో బిరుసుగానో చేసుకోవచ్చు. అదంతా చెప్పి లైల్ అసలు ప్రశ్న అడిగాడు.

"బండి ఎక్కువగా బరువుతో తిరుగుతుందా, ఖాళీగానా?"

"బరువుతోనే" అన్నాడు వేడ్.

"ఖాళీగా" అంది మార్లా.

లైల్ వేడ్ వైపే చూశాడు. వేడ్ నవ్వాడు. "ఆవిడ షికార్లు లెక్కలోకి తీసుకోకు లైల్. బండి పని చేసేది ట్రైలర్ తగిలించినప్పుడే."

షికార్లు. మార్లా ఆ మాటని నోట్లో రాయిలా తిప్పుకుంది. వారానికి మూడుసార్లు చావుని వాయిదా వేయించుకు రావడం షికారు. దూడల టీకాలకి, ఉప్పు దిమ్మలకి, అతని పంటికి, అతని చెప్పులకి టౌనుకి వెళ్ళిరావడం షికారు. అంతకుముందు బడి గ్రంథాలయంలో ఉద్యోగం ఉండేది తనకి, అత్తగారి కోసమే మానేసింది. అదీ షికారే అనేవాడు. ట్రైలర్ ఆ బండికి తగిలేది ఏడాదిలో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేన్ని సార్లు. కానీ స్టీరింగు మీద అతని చెయ్యి ఉన్నప్పుడే బండి తిరిగినట్టు. తక్కిన రోజుల్లో తనతో పాటు అదీ ఎక్కడికో మాయమైపోతుంది కాబోలు. బిరుసు షాకు మీద బరువుంటే నిలకడ, బరువు లేకపోతే గాడిదలా తంతుంది. ఇది లైల్‌కీ తెలుసు, వేడ్‌కీ తెలుసు.

"అత్తయ్యని అడుగు" అంది మార్లా. "వారానికి మూడు రోజులు ఆ సీట్లో కూర్చునేది ఆవిడే. ఆవిడనే చెప్పమను."

వేడ్ తల తిప్పాడు. "అమ్మా, బండి నిన్నేమన్నా ఇబ్బంది పెడుతోందా?"

మార్లా ఆవిడ వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. అబద్ధం అక్కర్లేదు, పెంచి చెప్పక్కర్లేదు, పొద్దున మొదటి గేటు దగ్గర అన్న మాటల్లో సగం చాలు.

బెర్నిస్ చేతిసంచీ తాడు సరిచేసుకుంది. "నాకేం నాన్నా. మీ నాన్న బండికి అసలు షాకులున్నాయో లేవో కూడా తెలీదు. నీకేది మంచిదో అది వేసుకో."

మార్లా వైపు ఆవిడ చూడలేదు. లైల్ బిరుసు రకం పెట్టెలు ముందుకి తోసి, మిగతావి లోపల పెట్టేశాడు. మర తిప్పేవాటిని వేడ్ కనీసం ముట్టుకోలేదు, అవి పిల్లల ఆటవస్తువులన్నాడు.

మర్నాడు కొట్టంలో బిగించాడు. అంటే, బండి కింద కారిన మంచుబురదలో వెల్లకిలా పడుకుని తుప్పుపట్టిన బోల్టులకి నూనె కొట్టిందీ, దీపం పట్టిందీ, కింది కొస పట్టుకుని వేళ్ళు నలగ్గొట్టుకుందీ మార్లా. పై నట్టు తిప్పింది వేడ్. సాయంత్రం ఎవరితోనో ఫోన్లో, "నేనే బిగించేశా, ఒక్క పూటలో" అంటుంటే వినపడింది. మార్లా వేళ్ళకి మందు రాసుకుంటోంది.

మరుసటి ఆసుపత్రి రోజున బండి మొదటి ముడత మీదకి ఎక్కగానే తన్నింది. పాత షాకులతో ఊగేది, ఇప్పుడు పోట్లు పొడుస్తోంది. బెర్నిస్ ఈసారి తిట్టలేదు. తిట్టడానికి కూడా ఊపిరి కావాలి. మార్లా బండి ఆపేసింది. దిండు సర్ది, ఆవిడ మొహం తుడిచి, అడగకూడదనుకున్నది అడిగేసింది.

"షాపులో ఎందుకలా అన్నారు అత్తయ్యా?"

"వాడి ముందు నేనెప్పుడూ ఏడవలేదు. వాళ్ళ నాన్న ముందూ ఏడవలేదు. ఈ వయసులో మొదలుపెట్టమంటావా?"

"మరి నా ముందు?"

"నువ్వు పరాయిదానివా ఏంటి" అంది బెర్నిస్, కోపంగానే.

మార్లాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళు. 'మా ఇంట్లో ఇలా చెయ్యం', 'మా వాడికి ఇది పడదు' అంటూ గీత గీసిన మనిషి ఈవిడే. తనని ఇంటిమనిషిని చేసింది చివరికి ఈ నొప్పి. సుఖమంతా కొడుక్కి చూపించి, బాధంతా కోడలి కోసం దాచిపెట్టింది. అందులో ప్రేమ లేదని అనలేదు మార్లా. కానీ ఆ ప్రేమని మొయ్యడానికి తనకీ ఒక నడుమే ఉంది.

ఆ రాత్రి వేడ్‌తో చెప్పింది. అతను మాంసం కోసుకుంటూ విన్నాడు. "నడపడం చేతకాక నెపం షాకుల మీద పెడుతున్నావు" అన్నాడు. ముడతల మీద మెల్లగా పోతే ప్రతి ముడతా తగులుతుందట, వేగంగా పోతే పైపైన తేలిపోతుందట. "ఈసారి నేను తీసుకెళ్తా. వెనక కూర్చుని చూసి నేర్చుకో."

సరే అంది మార్లా.

ఆ రోజు కూడా పెట్టె బోర్లించి ఎక్కించింది మార్లానే. వేడ్ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని అద్దం సర్దుకుంటున్నాడు. పెట్టెని వెనక తొట్టిలో పడేసి తను వెనకసీట్లో కూర్చుంది. బండి లేచింది. వేడ్ ఈలపాట, వేగం, కంకర. బెర్నిస్ మెడ చుట్టూ ఉన్న స్కార్ఫు కొస నోట్లో కుక్కుకోవడం వెనకనించి మార్లాకి కనపడుతోంది. చేతులు రెండూ సీటు అంచుని పట్టుకుని తెల్లబడిపోయాయి. నోట్లోంచి మాత్రం చిన్న మూలుగు కూడా లేదు.

"చూశావా" అన్నాడు వేడ్ అద్దంలోకి. "అమ్మ కిక్కురుమనలేదు."

ఆ ప్రాంతంలో ఒక పద్ధతుంది. నడిపేవాడు దిగడు, పక్కనున్నవాళ్ళే దిగి గేటు తియ్యాలి. అవి ముళ్ళతీగ గేట్లు. గుంజని వాటేసుకుని, భుజంతో నొక్కిపట్టి, తీగ ఉచ్చు పైకి లాగితేగానీ ఊడవు. పెళ్ళైన కొత్తలో, "నాకంటే ఆ గుంజనే గట్టిగా వాటేసుకుంటావు" అని వేడ్ నలుగురిలో అంటే అందరితోపాటు తనూ నవ్వింది. మార్లా నడిపే రోజున బెర్నిస్ దిగలేదు కనక నడిపేదీ తనే, తీసేదీ తనే. వేడ్ నడిపితే తీసేది తనే. ఆ రోజూ మొదటి రెండు గేట్లూ దిగి తీసింది, మూసింది, ఎక్కింది. మూడో గేటు దగ్గర బండి ఆగింది. వేడ్ కళ్ళు అద్దంలో వెనక్కి చూశాయి. బెర్నిస్ చెంప మీంచి ఒక నీటిచార చెవి దాకా జారడం అప్పుడే చూసింది మార్లా.

"నువ్వు తియ్యి" అంది. "నేను అత్తయ్య దగ్గర ఉంటా."

వేడ్ ఏదో గొణుక్కుంటూ దిగి తలుపు గట్టిగా వేశాడు. అంతే. అంతదాకా బిగబట్టుకున్నదంతా బెర్నిస్ గొంతులోంచి ఒక్కసారిగా బయటపడింది. అది మనిషి ఏడుపులా లేదు, ఈనలేక పెనుగులాడే ఆవు అరుపులా ఉంది. మార్లా పక్కనున్న మీట నొక్కింది. కిటికీ అద్దం కిందికి దిగింది. చలి లోపలికొచ్చింది, ఆ అరుపు బయటికి వెళ్ళింది.

వేడ్ గుంజని వాటేసుకుని ఉన్నాడు. అలాగే ఆగిపోయాడు. కళ్ళెత్తి మార్లాని చూశాడు. బెర్నిస్ ఉలిక్కిపడి అరచేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి అతను ఉచ్చు ఊడదీశాడు, గేటు పక్కకి లాగాడు, వచ్చి ఎక్కి చేతులు రుద్దుకున్నాడు.

"ఈ తీగ బాగా బిగుసుకుపోయింది" అన్నాడు. "వేసవిలో మార్చాలి."

బండిని గేటు దాటించి ఆపాడు. ఇంక దిగలేదు. మూసిరమ్మన్నట్టు అద్దంలోకి చూశాడు.

ముప్పై ఏళ్ళూ మార్లా ఒకే మాట పట్టుకుని నెట్టుకొచ్చింది: పాపం, అతనికి తెలీదు. తెలిస్తే అలా అనడు, తెలిస్తే అలా చెయ్యడు. ఎన్ని రాత్రులు ఆ మాట తలకింద దిండులా పెట్టుకుని నిద్రపోయిందో. ఇప్పుడు అతనికి తెలుసు. తెలిసి, తీగ గురించి మాట్లాడాడు.

"వెళ్ళి మూసిరా అమ్మాయ్" అంది బెర్నిస్ మెల్లగా. "గొడ్లు బయటికొచ్చేస్తాయి."

మార్లా ముందుకి వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "ఏడుపొస్తే ఏడవండి అత్తయ్యా. మీ అబ్బాయే కదా, పరాయివాడేం కాదు."

దిగి వెనక్కి నడిచింది. గేటు లాక్కొచ్చి, గుంజని వాటేసుకుని, ఉచ్చు వేసింది. ఇంటివైపు నిలబడి వేసింది.

వేడ్ అద్దం దించి తల బయటపెట్టాడు. "అటువైపు ఉండిపోయావేంటి? ఎక్కు."

"నువ్వు బాగానే నడుపుతున్నావు. ఇకమీదట వారానికి మూడు రోజులూ నువ్వే." ఆమె గొంతు పెంచలేదు, ఆ చలిలో మాట దానంతటదే వినపడుతుంది. "పాలపెట్టె వెనక తొట్టిలో ఉంది. దింపేప్పుడు ముందు అది బోర్లించి, తర్వాత నీ భుజం ఇవ్వు."

బండి అక్కడే ఆగి ఉంది, ఇంజను చప్పుడు చేస్తూ. మార్లా ఇంటివైపు తిరిగింది. ఇంకా రెండు గేట్లున్నాయి. ఆ రెంటినీ ఈసారి తను వెళ్ళడానికే తెరిచింది.