అత్తగారి జడ, అల్లుడి గోడ

చేతిలో కత్తెర ఉన్నంతసేపూ సెలూన్ ఆయన్ని మించిన మొనగాడు ఆ వీధిలోనే లేడు. కత్తెర పక్కన పెట్టాడా, ఇక ఆ చేతులు ఏం చేస్తాయో ఆయనకే తెలియదు. ఈ సంగతి ఆయన భార్యకి పెళ్ళయిన కొత్తలో తెలిసింది. అత్తగారికి ఆ పెళ్ళి కాకముందే తెలిసింది. అందుకే ఆవిడ ఈ పెద్దల్లుణ్ణి "అల్లుడుగారూ, మీరు" అని పిలుస్తుంది. అది మర్యాద అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చిన్నల్లుణ్ణి మాత్రం "నాయనా, నువ్వు" అంటుంది.

ఆవిడకి మోకాళ్ళు మొరాయించి, ఒక్కతే ఉండలేని రోజొచ్చింది. ఉంటే ఏ కూతురి దగ్గరుండాలి? చిన్నల్లుడిది టైల్సు పలకల వ్యాపారం. ఇల్లంతా పైకప్పు దాకా నున్నగా పలకలే. పెద్దల్లుడిల్లు సెలూన్ వెనక రెండు గదులూ, ఒక వంటిల్లూ. అందులో ఆవిడకివ్వగలిగిన వెనక గదికి గోడ చెమ్మ. వేసిన సిమెంటు వేసినట్టే ఉబ్బి రాలిపోతుంది. పోనీ రంగు కొడదామంటే ఆ వాసనకి ఆవిడ దగ్గు ఆగదు.

"అమ్మ నా దగ్గరుంటే బాగుండునండీ," అంది భార్య ఒకనాడు, చీపురు చేత్తో పట్టుకుని, ఎటో చూస్తూ. "చెల్లెలింట్లో పొద్దున్నే అందరూ తాళం వేసుకుపోతారు. అమ్మ పలకలతో మాట్లాడుకోవాలి."

నోరు తెరిచి ఏదీ అడగని మనిషి అడిగేసరికి సెలూన్ ఆయనకి ఆవేశం తన్నుకొచ్చింది. ఆ గదికి సున్నపు గార వేస్తానన్నాడు. సున్నమైతే గోడ ఊపిరి పీల్చుకుంటుందనీ, చెమ్మ లోపల ఉండిపోదనీ, వాసన కూడా ఉండదనీ ఫోన్‌లో చూశాడట.

"మేస్త్రీని పిలుద్దామండీ."

"మేస్త్రీ ఎందుకే? రోజూ ఎన్ని చెంపలకి నురుగు పూస్తున్నాను! గోడ కూడా ఒక చెంపే అనుకో."

అత్తగారు పెట్టెతో సహా దిగింది. పెట్టెని హాల్లో తన మంచం పక్కన పెట్టించి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"గది అయ్యాకే పెట్టె విప్పుతాను. అవలేదా, నెలాఖరుకి చిన్నల్లుడు కారు తెస్తానన్నాడు. విప్పడం, మళ్ళీ సర్దడం నా వల్ల కాదమ్మా," అంది కూతురితో, అల్లుడికి వినపడేలా.

సెలూన్ ఆయన పాత సిమెంటంతా గీకి పారేశాడు. జుట్టుకి రంగు వేసేటప్పుడు తొడుక్కునే రబ్బరు తొడుగులు వేసుకున్నాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, కస్టమర్ల మెడకి కట్టే గుడ్డ తన మెడకే కట్టుకున్నాడు. డ్రమ్ములో నీళ్ళు పోసి, సున్నపు గడ్డలు ఒక్కొక్కటే వేశాడు. సున్నంలో నీళ్ళు పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది, నీళ్ళలోనే సున్నం వెయ్యాలి. పాపం, ఈ ఒక్కటీ సరిగ్గానే చేశాడు. డ్రమ్ము బుసబుసమని పొంగింది. ఆయన ఒక్క గెంతు గెంతి వాకిట్లో పడ్డాడు. హాల్లోంచి అత్తగారు తలెత్తి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ దించుకుంది. ఏదైనా అంటే బాగుండేది.

సున్నం బాగా నానాక, జల్లించిన ఇసక కలిపాడు. ఇక్కడే చేతి అలవాటు అడ్డొచ్చింది. బ్రష్షు తిప్పి తిప్పి నురుగు తెప్పించే చెయ్యి కదా, గార కూడా అలాగే మెత్తగా, తేలిగ్గా ఉండాలనుకున్నాడు మహానుభావుడు. నీళ్ళు పోస్తూ పోయాడు. మొదటి ముద్ద గోడకి కొడితే జారి ఆయన కాలి మీదే పడింది. మళ్ళీ ఇసక, మళ్ళీ సున్నం. తాపీ తిరగేసినా ముద్ద పడిపోకుండా అంటుకునే పదును కుదిరేసరికి మెడకి కట్టిన గుడ్డ కూడా గోడలాగే అయింది.

ఎలాగైతేనేం, గోడంతా పూశాడు. తాపీతో నున్నగా దిద్దాడు. భార్య వచ్చి చూసి, చెంపకి చెయ్యి ఆనించుకుని, "అబ్బ, ఎంత బాగుందండీ!" అంది. ఆ మాటతో ఆయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇక ఆరడమే తరువాయి. ఆరబెట్టడం ఈయనకొకరు నేర్పాలా! షాపులోంచి జుట్టు ఆరబెట్టే మిషన్ తెచ్చి, వేడి పెంచి, ఆ మూల నుంచి ఈ మూల దాకా పాయలు పాయలుగా గోడంతా ఆరబెట్టాడు.

గోడ ఆరింది. ఆరి, టప్‌మంది. చూస్తుండగానే నెర్రెలు విచ్చి, నడిమధ్య నుంచి తలుపంత పెచ్చు ఊడి నేల మీద పడింది.

"అల్లుడుగారూ," అని హాల్లోంచి పిలుపు, "గది అయిపోయినట్టుంది, చప్పుడైంది?"

అత్తగారు కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. నేల మీది పెచ్చు చూసింది, మిషన్ చూసింది, అల్లుణ్ణి చూసింది.

"గారని ఆరబెడతారా ఎవరైనా? తడిపి తడిపి, నెమ్మదిగా గట్టిపడనివ్వాలి. అందులో వెంట్రుకలేవీ? పీచైనా వెంట్రుకైనా లేకపోతే గార పట్టు నిలవదు. మా అమ్మ మేకవెంట్రుకలు కలిపేది."

"మీకు తెలుసా అత్తయ్యా? మరి ముందే చెప్పలేదేం?"

"మీరడిగారా? ఫోన్‌లో అంత పెద్ద చదువు చదువుతుంటే మధ్యలో నేనెవర్ని?"

ఆ మాట గుచ్చుకున్నా, వెంట్రుకలు అనగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. వెంట్రుకలకేం కరువు! సాయంత్రం షాపు ఊడిస్తే గంపెడు. వాటిని సబ్బు నీళ్ళతో కడిగి, వేలెడు ముక్కలు చేసి, గారలో దట్టించాడు. ఈసారి వేడి జోలికి పోలేదు. కస్టమర్ల తల తడిపే పిచికారీ సీసా తెచ్చి, పొద్దునా సాయంత్రం గోడకి కొట్టాడు. గార గోడని పట్టుకుంది. ఒక్క నెర్రె లేదు.

కానీ గట్టిపడ్డాక చూస్తే, తెల్లటి గోడ నిండా నల్లటి వెంట్రుకలు, గరుగ్గా, నిక్కబొడుచుకుని.

భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ, గడ్డం కూడా ఉంటుందని ఇప్పుడే చూస్తున్నాను. వీధిలో వాళ్ళందరి గడ్డాలూ చూసుకుంటూ మా అమ్మ పడుకోవాలా?"

"దీని మీద పల్చగా ఇంకో పూత వేస్తే కనపడదే."

"అందులోనూ వెంట్రుకలు వెయ్యాలిగా?"

వెయ్యాలి. ఒకసారి కాలింది కనక, వెంట్రుక లేని గార అంటేనే ఆయనకి వణుకు. అయితే తెల్లవెంట్రుకలు కావాలి. తీరా వెతికితే వీధి మొత్తంలో తెల్లవెంట్రుక లేదు. ఎలా ఉంటుంది? నెరిసిన ప్రతి తలనీ పిలిచి మరీ నల్లరంగు వేసింది ఈయనే కదా! చేసుకున్నవాడికి చేసుకున్నంత.

గడ్డం గీయించుకుని రంగు వేయించుకోవడానికొచ్చిన డ్రిల్లు మాస్టారి కాళ్ళమీద పడ్డంత పని చేశాడు. "మాస్టారూ, ఈసారికి రంగు మానెయ్యండి. మీ తెల్లజుట్టు కాస్త పెరగనివ్వండి. గోడకి కావాలి."

"ఏమిటోయ్? నా పరువు తీసి నీ గోడకి పూస్తావా?" అని మాస్టారు సగం గీసిన గడ్డంతోనే లేచిపోయాడు.

నెలాఖరు రానే వచ్చింది. రేపు పొద్దున్నే కారు. సెలూన్ ఆయన షాపు పెందలాడే మూసి, గడ్డం గోడ ముందు నిలబడి, చేసేదేం లేక పిచికారీ కొడుతున్నాడు. వెనక కర్ర చప్పుడైంది. అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రోజూ గోడతో ఏమిటి మాట్లాడతారు మీరు?"

"అలవాటండీ. తల కాస్త వంచండి సార్, అయిపోవచ్చింది సార్ అని..."

"గోడతో ఇన్ని మాటలున్నాయి. నాతో ఒక్కటీ లేదు."

"మీరంటే నాకు భయమండీ." అనేశాక, ఇక దాచడానికేముందని మిగతాదీ అనేశాడు. "రేపు మీరు వెళ్ళిపోతారు. మీ అమ్మాయి నాముందు ఏడవదు. వంటింట్లోకెళ్ళి, కుళాయి విప్పి ఏడుస్తుంది. అది నేను వినలేనండీ. ఈ ఒక్క గోడా సరిగ్గా చేసి ఉంటే..."

పిచికారీ సీసా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. అత్తగారు వెనక్కి చెయ్యి పెట్టి, జుట్టు ముడి విప్పింది. నడుం దాటిన జడ, ముగ్గులా తెల్లగా. పుట్టి బుద్ధెరిగాక కత్తెర తగలని జుట్టని, ఇన్నేళ్ళూ అల్లుడికి చెప్పీ చెప్పీ గొప్పలుపోయిన జుట్టు.

"ఈ చెమ్మకి జుట్టు ఎలాగూ ఆరి చావట్లేదు. జానెడు తియ్యి."

సెలూన్ ఆయన గబుక్కున జేబులోంచి దువ్వెన తీశాడు.

"నీ షాపు దువ్వెన నా తలకి తగలడానికి వీల్లేదు. ఆగు," అని హాల్లోకి నడిచి, కొంగు ముడి విప్పి, పెట్టె తాళం తీసింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆవిడ దువ్వెన ఒక్కటీ తీసి, మళ్ళీ తాళం వేసింది. ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఎంతోమంది పీకల మీద కత్తి పెట్టి వణకని చెయ్యి, ఆ తెల్లజడ పట్టుకోగానే గడగడలాడింది.

"వణక్కు. నా చెవులు నాక్కావాలి," అంది అత్తగారు. మీరు కాస్తా నువ్వు అయిపోయిందని అప్పటిగ్గానీ ఆయన చెవికెక్కలేదు.

తెల్లవారేసరికి పల్చటి గార కలిపి, అందులో ఆ తెల్లవెంట్రుకలు విడదీసి విడదీసి చల్లి, గడ్డం మీద పూశాడు. ఇంతకు ముందెప్పుడూ అంత నెమ్మదిగా తాపీ లాగలేదు. భార్య దీపం పట్టుకుని పక్కనే నిలబడింది. గోడలో వెంట్రుక ఒక్కటీ కనపడలేదు.

కారు వచ్చింది. చిన్నల్లుడు గదిలోకి తొంగిచూసి, గోడకి వేలు ఆనించి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఇంకా పచ్చిగానే ఉందే అన్నయ్యా! ఇది ఆరేదెప్పుడు, అత్తయ్య పడుకునేదెప్పుడు? పదండత్తయ్యా, పెట్టె నేను తెస్తాను."

సెలూన్ ఆయన తల దించుకున్నాడు. నిజమే, పచ్చిగోడ. భార్య అప్పటికే వంటింటి వైపు తిరిగింది. కుళాయి చప్పుడు వినపడుతుందేమోనని ఆయన గుండె రాయి చేసుకున్నాడు.

అత్తగారు కర్రతో పెట్టె మీద టక్‌మని కొట్టింది.

"దాని జోలికి రాకు నాయనా. నీ ఇల్లు బంగారం గానూ, అక్కడ నాకేం తక్కువని? కానీ నా జుట్టు ఈ గోడలో ఉంది. జుట్టొక ఇంట్లో, తలొక ఇంట్లో ఉంటే ఎలాగయ్యా?"

చిన్నల్లుడు గోడకేసీ, అత్తగారి కురచైన జడకేసీ మార్చి మార్చి చూశాడు. ఆవిడ తాళంచెవి తీసి వంటింటి గుమ్మంలోకి విసిరింది.

"పెట్టె విప్పవే అమ్మాయ్, చీరలు నలిగిపోయుంటాయి. నువ్వేమిటి అలా నిలబడ్డావు?" అని పెద్దల్లుడి చేతిలోంచి పిచికారీ సీసా లాక్కుంది. "షాపు తెరుచుకోపో. గోడని నేను చూసుకుంటాను. నువ్వు మళ్ళీ ఆరబెడతావు!"