పెద్దమ్మ చెప్పిన వాయిదాలు

ఆ రోజు పొద్దున్నించీ నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మా పెద్దమ్మ లాయరు లైసెన్సు తిరిగొచ్చే రోజు మరి! రెండేళ్ళ సస్పెన్షన్ ముగిసింది. ఇక క్రమశిక్షణ కమిటీ ముందు కూర్చుని అడిగినవాటికి సరిగ్గా జవాబులు చెబితే చాలు, మళ్ళీ నల్లకోటు తొడుక్కోవచ్చు. చెప్పలేకపోతే మాత్రం లాయర్ల జాబితాలోంచి పేరు శాశ్వతంగా కొట్టేస్తారు. కానీ నాకు ఆ భయమే లేదు. జవాబులు చెప్పడంలో మా పెద్దమ్మని మించినవాళ్ళెవరు? కోర్టులో ఆవిడ గొంతు సవరించుకుంటే చాలు, అవతలి లాయర్లు కాగితాలు వెతుక్కునేవారట.

పైగా చదివించింది ఎవరనుకున్నారు? నేనే. లా పాసై, ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరదామని కాచుకు కూర్చున్నదాన్ని. ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతుంటే నేను స్టూలు మీద కూర్చుని నిబంధనలు అడిగేదాన్ని. "కక్షిదారు పట్ల లాయరు బాధ్యతలేమిటి?" అనడమే ఆలస్యం, చేతిలో కత్తి ఆగకుండానే గడగడా అప్పజెప్పేసేది. ఎక్కడా ఒక్క ముక్క తప్పేది కాదు. పట్టుకుందామని ఎంత మెలితిప్పి అడిగినా దొరకలేదు.

ఇంతకీ ఆవిడ చేసిన నేరమేమిటో చెప్పాలిగా. ఒక బస్సు డ్రైవర్ని కంపెనీ అన్యాయంగా ఉద్యోగంలోంచి తీసేసింది. అప్పీలు వెయ్యమని అతను పెద్దమ్మ దగ్గరికొచ్చాడు. ఆవిడ ఆ ఫైలు బీరువాలో పెట్టి మర్చిపోయింది. గుర్తొచ్చేసరికి గడువు దాటిపోయింది. అక్కడితో ఆగుంటే నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేవాళ్ళేమో. ఆవిడ ఆ సంగతి అతనికి చెప్పలేదు. "వాయిదా పడిందయ్యా" అంది. మళ్ళీ వచ్చి అడిగితే మళ్ళీ వాయిదా అంది. కోర్టన్నాక వాయిదాలు పడక ఏం చేస్తాయి, అతను నమ్మాడు. అలా ఏడాది పొడుగునా, లేని కేసుకి వాయిదాలు చెప్పింది మహాతల్లి! చివరికి అతనే కోర్టు ఆఫీసుకి వెళ్ళి కనుక్కుంటే అసలా పేరుతో అప్పీలే లేదన్నారు. అతను ఫిర్యాదు చేశాడు, ఈవిడ లైసెన్సు ఊడింది.

"మర్చిపోవడం తప్పే, ఒప్పుకుంటాను. వాయిదా అన్నది మాత్రం జాలితోనే" అనేది పెద్దమ్మ, ఎవరడిగినా. "ఉద్యోగం పోయి ఏడుస్తున్నవాడికి కేసు కూడా పోయిందని ఏ నోటితో చెప్పమంటావే?" నేనూ తలూపేదాన్ని. తలూపడమేమిటి, మా పెద్దమ్మది వెన్నలాంటి మనసని ఊరంతా టముకు వేసినదాన్ని నేనే.

కమిటీ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసి, పైనుంచి "రా పెద్దమ్మా, రా!" అని కేకలేస్తుంటే, గుమాస్తా తలుపు తెరిచి నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ వేసుకున్నాడు. నడవలో ఒకదానికొకటి అతికించిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. చివరి రెండింట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. చూద్దును కదా, ఆ డ్రైవరు! పక్కన వాళ్ళమ్మ.

ఫిర్యాదు చేసినవాళ్ళు విచారణకి రావచ్చని నిబంధన. తెలుసు. తెలిసినా ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు నోరు కట్టేసి కూర్చోబెట్టాడు, చాలదా? ఇప్పుడు కూడా అడ్డం పడటానికి తయారా? పళ్ళు నూరుతూ అతని వైపే చూశాను. అతను గోడ వైపు చూస్తున్నాడు.

వాళ్ళమ్మ మాత్రం లేచి గబగబా వచ్చి పెద్దమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "బాగున్నావా లాయరమ్మా? ఎంత చిక్కిపోయావు తల్లీ! అంతా మావాడి వల్లే. వాడు కాయితం టైముకి తెచ్చివ్వక, కేసు పాడుచేసుకుని, ఆ కోపం నీ మీద చూపించాడు. నేను చెప్తూనే ఉన్నా, వింటేనా? అందుకే నేనే వచ్చా. ఆ పెద్దమనుషులకి చెప్తా, ఈ అమ్మ బంగారం, లైసెన్సు ఇచ్చెయ్యండయ్యా అని."

నా నెత్తిన పాలు పోసినట్టయింది! ఫిర్యాదీ కన్నతల్లే మా పక్షం! పెద్దమ్మ చెవిలో "ఈవిణ్ణి సాక్షిగా పిలిపిద్దామా? ఒక్క దెబ్బతో పనైపోతుంది!" అన్నాను. పెద్దమ్మ మొహం పాలిపోయి ఉంది. కంగారు పడుతోంది కాబోలనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఆ ముసలావిడ చేతిలోంచి చెయ్యి తీసుకుంటే కదా గ్లాసు పట్టుకోవడానికి.

లోపలికి పిలిచారు. పొడుగాటి బల్ల వెనక కమిటీవాళ్ళు ముగ్గురు. మధ్యలో ఉన్నాయన అధ్యక్షుడు, జడ్జీగా పనిచేసి దిగిన పెద్దాయన. పెద్దమ్మ బల్ల ఎదురుగా, నేనూ ఆ తల్లీకొడుకులూ వెనక వరసలో కూర్చున్నాం. నేను మొదటి నిబంధన దగ్గర్నుంచి లోలోపల వల్లె వేసుకుంటున్నాను, పెద్దమ్మ ఎక్కడైనా తడబడితే మనసులోంచే అందిద్దామన్నంత ఆత్రం నాది.

అధ్యక్షుడు ఫైలు మూసేశాడు. "నిబంధనలు మీకు వచ్చని మాకు తెలుసు మేడం. మీరు నా కోర్టులోనే ఎన్నో కేసులు వాదించారు. ఒక్కటే అడుగుతాను. నేను మీ కక్షిదార్ననుకోండి. గడువు దాటిపోయిందని మీకు ఇవాళే తెలిసింది. నేనొచ్చి మీ ఎదురుగా కూర్చుని, నా కేసు ఏమైందని అడుగుతున్నాను. చెప్పండి."

హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాను. ఇది చంటిపిల్ల కూడా చెబుతుంది.

"చూడండి," అంది పెద్దమ్మ, "కోర్టు వ్యవహారాలన్నీ మన చేతుల్లో ఉండవు..."

"కోర్టుల సంగతి వద్దు మేడం. నా కేసు ఏమైంది?"

"మీరు ముందు ధైర్యంగా ఉండాలి. దారులన్నీ మూసుకుపోలేదు..."

"ధైర్యంగానే ఉన్నాను. నా కేసు ఏమైంది?"

"ఆ మధ్య ఒంట్లో బాగోక..."

"ఎవరికి? నాకా?"

పక్క సభ్యుడు కాగితం అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఎదురుదెబ్బ తగలనివ్వని మా పెద్దమ్మ, మాటకి మాట అప్పజెప్పే మా పెద్దమ్మ, ఒక్క వాక్యం చెప్పలేక నోరు తెరిచి మూస్తోంది! 'చెప్పు పెద్దమ్మా, గడువు దాటిపోయింది, నాదే తప్పు, రెండు ముక్కలు!' అని లోపల గింజుకుంటున్నాను. అధ్యక్షుడు కలం తీసి ఏదో రాయబోయాడు. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ లేచి నిలబడింది. "సార్, మీకు చెప్పలేను. మీరు నా కక్షిదారు కాదు. ఆయన నా వెనక కూర్చున్నాడు."

"అయితే అటే తిరిగి చెప్పండి."

పెద్దమ్మ తిరిగింది. డ్రైవరు వైపు చూసింది, కానీ మాట్లాడింది వాళ్ళమ్మతో. "అమ్మా, మీవాడి అప్పీలు నేను వెయ్యలేదు. మర్చిపోయాను. వాయిదాలన్నీ అబద్ధం. ఒకసారి మీరు ఫోన్ చేసి, ఇన్నాళ్ళెందుకు పడుతోందని గట్టిగా అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. మీ అబ్బాయి కాయితం ఆలస్యంగా తెచ్చాడు, అందుకే ఇలా అయిందని చెప్పాను. అదీ అబద్ధమే. అతను అన్నీ అడిగిన రోజే తెచ్చిచ్చాడు."

"పెద్దమ్మా!" అని అరిచేశాను. అరవనా మరి? ఆ ఫోను సంగతి ఫిర్యాదులో లేదు, తీర్పులో లేదు, నాకే తెలీదు! ఎవరూ అడగని కొత్త తప్పు తెచ్చి, లైసెన్సు ఇచ్చేవాళ్ళ బల్ల మీదే పెడుతుందా?

"అమ్మాయ్, కూర్చో" అన్నాడు అధ్యక్షుడు. అప్పటిదాకా నేను నిలబడ్డానని నాకే తెలీదు. ఆయన పెద్దమ్మతో, "ఇది మా రికార్డులో లేదు మేడం. రాసుకోమంటారా?" అన్నాడు.

"రాసుకోండి సార్."

"ఇంతకుముందు ఎందుకు చెప్పలేదు?"

"జాలితో అబద్ధమాడానని చెప్పుకుంటూ వచ్చాను సార్. ఇది చెబితే ఆ మాట నిలవదు."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ఆ కాసేపట్లో నా గోళ్ళు ఒక్కటి మిగల్లేదు. డ్రైవర్ని, ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. "ఏం లేదు సార్. వచ్చిన పని అయింది" అన్నాడతను. అతని గొంతు వినడం నాకదే మొదటిసారి.

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "కొత్త తప్పుకి కొత్తగా ఆరు నెలల సస్పెన్షన్. అది పూర్తయిన మర్నాడు మీ లైసెన్సు మీకు వస్తుంది. మళ్ళీ మా ముందుకి రానక్కర్లేదు."

వచ్చింది! ఆరు నెలలైతేనేం, వచ్చింది! పేరు కొట్టెయ్యలేదు! నడవలోకి రాగానే పెద్దమ్మని వాటేసుకుని గిరగిరా తిప్పేశాను. గుమాస్తా మళ్ళీ తలుపు తెరిచాడు, ఈసారి నవ్వాడు కూడా. "అమ్మకి ఫోన్ చేస్తా! కోటు ఉతికిస్తా!" అని గంతులేస్తున్నాను. పెద్దమ్మ మెల్లిగా నా చేతులు విడిపించుకుంది. ఆవిడ నన్ను చూడటం లేదు.

మెట్ల దగ్గర ఆ తల్లీకొడుకులు ఆగి ఉన్నారు. ముసలావిడ మెట్టు దిగబోయి దిగలేక, కమ్మీ పట్టుకుని, కొడుకు మొహంలోకి చూస్తోంది.

"అది కాదురా, కాయితం టైముకే ఇచ్చానని నాకొక్క మాట చెప్పి ఉండొచ్చుగా?"

"చెప్పానమ్మా."

"ఎప్పుడు చెప్పావురా?"

"రోజూ చెప్పాను."

ఆవిడ కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుంది, ఇద్దరూ ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలుపెట్టారు. వాళ్ళు వీధిలోకి వెళ్ళేదాకా పెద్దమ్మ అక్కడే నిలబడింది, నేను అమ్మకి ఫోన్ చెయ్యకుండా పక్కనే నిలబడ్డాను.