రెండో కార్డు

రోజూ పొద్దున్నే పాపకి పాలు పట్టాక నా మొదటి పని ఆ డబ్బాకి దుమ్ము తుడవడం. పలాసలో మా ముందుగదే మా ఆయన మహీధర్ ఇంటర్నెట్ ఆఫీసు. జీడిపప్పు ఫ్యాక్టరీలకీ, దుకాణాలకీ వెళ్లే లైన్లన్నీ ఆ డబ్బాలోంచే. స్విచ్చంటారు దాన్ని. దాన్ని నడిపేవి రెండు కార్డులు, పలకల్లాంటివి. ఒకటి పెత్తనం చేస్తుంది. రెండోది, అది చేసే ప్రతి పనీ చూసి గుర్తుపెట్టుకుని, కనిపెట్టుకుని కూర్చుంటుంది. మొదటిది పోయిన క్షణంలోనే రెండోది అందుకుంటుంది. బయట ఎవరికీ తెలియదు.

ఇంటర్ మధ్యలో పుస్తకాలు మూయించి నన్ను మేనత్త కొడుక్కిచ్చి పెళ్లి చేశారు. ఈ సంగతులు నాకెలా తెలుసంటే, బావ రోజూ అన్నం తింటూ చెబుతాడు. కవిటిలో కేబుల్ ఎక్కడ తెగింది, ఎవరు కోపంగా ఉన్నారు, ఎవరికి ఏ అబద్ధం చెప్పాలి. ఆలుమగల కబుర్లు అనుకునేదాన్ని. మర్నాడు ఆయన బైకెక్కగానే ఆఫీసు ఫోను నా నడుముకొస్తుంది. పొయ్యి మీద పప్పు, చంకలో పాప రోజా, చెవిలో జనం తిట్లు. "ఇంట్లో కూకునే కదేటే, ఫోనెత్తితే సెయ్యిరిగిపోద్దా?" అంటుంది అత్త. మనిషిని పెట్టుకోమంటే "నువ్వు లేవేటి?" అంటాడు బావ.

కిందటి నెల రోజాకి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. బావ భావనపాడులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "నువ్వెల్తే ఇక్కడ ఫోన్లెవులెత్తుతారే? సాయంత్రం సూద్దాం" అన్నాడు. జ్వరం సాయంత్రం దాకా ఆగలేదు. పాప కళ్లు తేలేసి కొయ్యలా బిగుసుకుపోయింది. చెప్పులైనా వేసుకోకుండా ఆటో ఎక్కాను. ఆసుపత్రికి వచ్చిన బావ పాప నుదుటి మీద చెయ్యయినా వేయలేదు. "ఫోన్ ఇంట్లో పడీసి వచ్చీసినావు. నా పరువు తీసినావు" అన్నాడు, పక్క మంచాలవాళ్లు వింటుండగా. ఆ రోజు నుంచి పాప నిద్రలో కదిలితే చాలు, లేచి ఊపిరి చూస్తున్నాను. పక్కన బావ గురక. ఊరి లైన్లకి రెండో కార్డుంది. ఆయనకి నేనున్నాను. నాకు ఎవరున్నారు?

టెక్కలి పిల్లల డాక్టరు శనివారమే చూస్తారు. పాపని మళ్లీ తీసుకురమ్మన్న శనివారం ఇవాళే. సంచి సర్దుతుంటే బావ అన్నాడు: "ఫ్యాక్టరీలోళ్లు వత్తన్నారు. టీలెట్టు, ఫోన్ సూడు. డాక్టరెక్కడికీ పోడు, వచ్చేవారం ఎల్దుగాని."

వచ్చారు. అందరి తరఫునా వాళ్లలో పెద్ద, బాబ్జీ గారే మాట్లాడారు. ఒక కార్డు పోయినా లైను ఆగదని నమ్మించడానికి, బావ మొదటి కార్డు మరలు విప్పి, లాగి, చేత్తో ఎత్తి చూపించాడు. ఆ లైను మీద ల్యాప్‌టాప్‌లో ఆడుతున్న బొమ్మ ఆగలేదు. చప్పట్లు కొట్టారు.

"కార్డు సరేనయ్యా, నీకే ఏటైనా అయితే?" అన్నారు బాబ్జీ గారు.

"లోపలుంది కదండీ, జీతం బత్తెం లేని రెండో కార్డు! రెండు ముద్దలేత్తే పడుంటాది."

అందరూ నవ్వారు. టీ పళ్లెంతో నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్పుడే ఆఫీసు ఫోన్ మోగింది. ఎత్తమని బావ కళ్లతో సైగ చేశాడు.

పళ్లెం కింద పెట్టాను. రెండో కార్డు మరలు విప్పి లాగేశాను. డబ్బాలో ఫ్యాన్లు హోరెత్తాయి. బొమ్మ ఆగిపోయింది.

"ఏటే! ఏటి సేసినావే!"

"నీ సేతిలో ఒకటుంది కద బావా. ఎట్టుకో."

పెట్టినా అది తేరుకుని లైన్లందుకోవడానికి చాలాసేపు పడుతుంది. మోగుతున్న ఫోన్ ఆయన రెండో చేతిలో పెట్టాను. బాబ్జీ గారు టీ ముట్టకుండానే లేచారు. నిద్రపోతున్న రోజాని ఎత్తుకుని, కార్డు సంచిలో వేసుకుంటుంటే అత్త అడ్డొచ్చింది.

"మొగుడి కడుపు మీద కొట్టినావే!"

"అవునత్తా. కొట్టినాను."

ఆ మాట నోటికి ఎంత తీపిగా ఉందో.

టెక్కలి దాకా నా సెల్లు మోగుతూనే ఉంది. ప్రతిసారీ ఆయన పేరు కనిపించి, వెలిగి, ఆరిపోయేదాకా చూశాను. ఒక్కసారీ విసుగు పుట్టలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ నా నంబరు రాసుకుంది. "నువ్వెత్తకపోతే ఫోన్ సెయ్యడానికి పాప తండ్రిది కూడా సెప్పమ్మా."

"అది రాయకండి," అన్నాను. "ఆ నంబరు పలుకుద్ది గాని, మనిషి రాడు."