సైదా బీ కుదిర్చిన చేపల సంబంధం

ఆదోనిలో సైదా బీ ఒక సంబంధం కుదిర్చిందంటే ఇక ఖాజీ వచ్చి పుస్తకం తెరవడమే తరువాయి. అటు ఎమ్మిగనూరు, ఇటు తుగ్గలి దాకా ఆమె కాలు పెట్టని గడప లేదు, నోరు పెట్టని గొడవ లేదు. మీనమేషాలు లెక్కపెట్టే అలవాటు ఆమెకు పుట్టుకతోనే లేదు. అలాంటి మనిషి ఎనభై నాలుగు డిసెంబరులో మేషాన్ని పక్కనపెట్టి ఉత్త మీనాన్నే లెక్కపెడుతూ ఒక రోజంతా ముక్కాలిపీటకు అతుక్కుపోవలసి వచ్చింది. అందుకు కారణం హబీబుల్లా ఇంట్లోని గాజుతొట్టి.

హబీబుల్లా బొంబాయి రేవులో పద్దెనిమిదేళ్ళు క్రేను నడిపి ఊరికి తిరిగొచ్చాడు. ఒళ్ళు ఇక్కడికి వచ్చింది కానీ మనసు సముద్రం దగ్గరే ఆగిపోయింది. అందుకని ముందు గదిలో నాలుగడుగుల గాజుతొట్టి కట్టించి, అడుగున పగడపు రాళ్ళు పేర్చి, మద్రాసు నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో సముద్రపు నీళ్ళు రైలుకు వేయించుకున్నాడు. కొళాయి దగ్గర మంచినీళ్ళకు బిందెలు బారులు తీరే ఊళ్ళో ఒక మనిషి ఉప్పునీళ్ళు రైలెక్కించడం వీధివాళ్ళకు మింగుడుపడలేదు. ఉప్పునీళ్ళు ఎవరికి మాత్రం మింగుడుపడతాయి!

ఆ తొట్టిలో ఉన్నది ఒకే ఒక చేప. బొటనవేలంత ఉంటుంది. ఒళ్ళంతా సిరా నీలం, తోక మాత్రం నిమ్మపండు పసుపు. పేరు నవాబు. పేరుకు తగ్గట్టే నడిమి రాతిలోని బొరియలో దర్బారు పెట్టి, నెలరోజులుగా తనే రాజూ, తనే మంత్రీ, తనే తలారీ అయి తిరుగుతోంది.

హబీబుల్లా పెద్దకూతురు హజరాకు సైదా బీ అప్పటికే ఒక సంబంధం తెచ్చింది. ఎమ్మిగనూరు బడే సాబ్ పెద్దకొడుకు అబ్బాస్ అలీ, దుప్పట్ల అంగడి. ఆ మాటలు నడుస్తుండగానే హబీబుల్లా మద్రాసు చేపల వ్యాపారి పంపిన రంగుబొమ్మల కాగితం తెచ్చి ఆమె ముందు పరిచాడు.

“ఆపా, మా నవాబు ఒంటిగా ఉండాడు. వానికి గూడా ఒక సంబంధం సూడు” అన్నాడు నవ్వుతూ.

సైదా బీ నవ్వలేదు. సంబంధం అన్న మాట వింటే ఆమెకు పని గుర్తొస్తుంది కానీ నవ్వు రాదు. కాగితం మీద వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి, అచ్చం నవాబు లాంటి బొమ్మ మీదే ఆపింది.

“ఇదే. రంగుకు రంగు, సైజుకు సైజు, ఖాందానుకు ఖాందాను. అంతా బరాబర్ ఉండాల భాయ్. ముప్పై ఏండ్లుగా నేను సేస్తాండేది ఇదే లెక్క. మీ హజరాకు సూసిందీ ఇదే లెక్క.”

కొత్త చేప గురువారం మెయిలుకు గాలి నింపిన సంచిలో దిగింది. హజరా దానికి బేగం అని పేరు పెట్టింది. శుక్రవారం పొద్దున్నే హబీబుల్లా భార్య ఖాజాబీ నుంచి సైదా బీకి కబురు వచ్చింది, వెంటనే రమ్మని.

వెళ్ళి చూస్తే బేగం తొట్టి పైమూలలో గాలిగొట్టం వెనక నక్కి ఉంది. తోక అంచు చీలికలైంది. నవాబు దాన్ని తోక ముడవమన్నాడో, తోకే లేకుండా పొమ్మన్నాడో గానీ, అది కిందికి దిగితే చాలు బాణంలా వచ్చి కొరుకుతున్నాడు.

“సూడు ఆపా, నీ బరాబరు!” అంది ఖాజాబీ నడుం మీద చెయ్యి పెట్టి. “బొటనవేలంత సేపకు జత కుదర్సలేకపోతివి. నా బిడ్డ అయిదడుగులుండాది. దాన్ని నీ సేతిలో యెట్ల పెట్టేది?”

“సేపకూ బిడ్డకూ లంకె యాడిది ఖాజా? నీ బిడ్డ మొప్పలతో ఊపిరి తీస్తాందా?”

“మొప్పలు కాదు, తప్పులు సెప్పు! రెంటికీ ఒకటే లెక్క అన్నది నువ్వు. అబ్బాసూ పెద్దోడే, ఇదీ పెద్దదే. వాడూ మొండి, ఇదీ మొండి. ఆదివారం బడే సాబ్ వచ్చే లోపల ఈ రెండూ నిమ్మళంగా ఉండల్ల. లేకుంటే ఆయనకు టీ ఇచ్చి సాగనంపుతా.”

సైదా బీ జవాబు చెప్పబోయి ఆగింది. ఖాజాబీ గొంతులో ఉన్నది ఎగతాళి కాదు, భయం. బిడ్డ తల్లి భయాన్ని మాటలతో తీర్చే మధ్యవర్తులు ఉంటారు, ఆమె ఆ రకం కాదు.

“ముక్కాలిపీట ఇట్ల వెయ్యి” అంది. “నీ నవాబు బలమెంతో నేనూ సూస్తా.”

మధ్యాహ్నం కరెంటు పోయింది. హజరా వచ్చి, నీళ్ళలోకి గాలి పోవడానికి గొట్టానికి సైకిలు పంపు తగిలించి కొట్టసాగింది.

“అమ్మీ, నిజం సెప్పు. అబ్బాసు నీకు ఇష్టమేనా?” అని అడిగింది సైదా బీ.

“ఇష్టమే పెద్దమ్మా” అంది హజరా పంపు ఆపకుండా. “ఆయనంటే భయం లేదు. ఆ ఇల్లంటేనే. వాళ్ళ నాయనమ్మ పొయ్యి కాడికి ఎవర్నీ రానీదంట. వసారాలో మంచం వాళ్ళ నాయనది, కిటికీ కాడ కుర్సీ ఆయనది. ఇంగ నేను యాడ కూసోవాల?”

సైదా బీ ముక్కాలిపీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది. చూపు తొట్టి మీదే ఉంది. మేత వేసినప్పుడు రెండు చేపలూ కుడిమూలన పక్కపక్కనే తిన్నాయి. కొరుకులాట లేదు. బేగం నడిమి రాతి వైపు జానెడు దూరం వచ్చిందో లేదో, నవాబు మీదపడ్డాడు. ఎడమ మూలకు పోతే వాడు పట్టించుకోలేదు. మళ్ళీ రాతి వైపు, మళ్ళీ కొరుకుడు. సాయంత్రానికి పదకొండు కొరుకుళ్ళు లెక్కపెట్టింది. పదకొండూ ఆ బొరియ చుట్టూరానే.

“హబీబ్ భాయ్!” అని కేకేసింది. “తప్పు నాదే. సేపల్లో బరాబర్ పనికిరాదు. అద్దంలో మొగం సూసి దూకినట్ల, అచ్చం తనలాంటిది వస్తే తన ఇంటికే వచ్చిందనుకుంటాండాడు వీడు. ఇంగోసారి తెస్తే వేరే రంగు, వేరే రూపం తీస్కరా. వచ్చిందాన్ని మాత్రం వాపసు పంపేది లేదు. రేపు పొద్దున నవాబును ఇల్లు ఖాళీ సేపిస్తాం.”

శనివారం పొద్దున పాత దోమతెర ముక్కతో నవాబును పట్టి, ఆ నీళ్ళే నింపిన బకెట్లో వేశారు. హబీబుల్లా చేతులు భుజాల దాకా ముంచి, సైదా బీ చెప్పినట్టల్లా రాళ్ళు మార్చాడు. నడిమిది ఎడమకు, ఎడమది వెనక్కి, బోర్లా ఉన్నది వెల్లకిలా. ఒక బొరియ ఉన్నచోట రెండు బొరియలు, ఒక్కొక్కటి ఒక్కో కొసన. బేగం గాలిగొట్టం వదిలి దిగివచ్చి, ఊరు చూసుకున్నట్టు అంతా తిరిగి, కుడికొసన చేరింది. నాలుగు గంటలు ఆగి నవాబును వదిలారు.

నవాబు నేరుగా నడిమికి పోయాడు. అక్కడ రాయి లేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. బదిలీ అయిన తాసీల్దారు పాత ఆఫీసుకు వచ్చి తన కుర్చీ వెతుక్కున్నట్టుంది వాలకం. బేగం ఎదురైతే ఇద్దరూ రెక్కలు విప్పి రెండుసార్లు బెదిరించుకున్నారు. ఆ తర్వాత నవాబు ఎడమకొసన ఒక బొరియలో దూరి, మొహం మాత్రం బయట పెట్టాడు. ఆదివారం పొద్దుటికి కొత్తగా ఒక్క చీలిక లేదు.

పదింటికి బడే సాబ్ కొడుకుతో వచ్చాడు. టీలు అయ్యాయి. ఖాజాబీ తొట్టి వైపు చూసి, సైదా బీ వైపు చూసి, “నాకు సమ్మతమే” అనబోయింది.

“నాకు కాదు” అంది సైదా బీ.

గదిలో అందరూ నోరు తెరిచారు. ఆ క్షణంలో ఎవరు చేపలో, ఎవరు మనుషులో చెప్పడం కష్టం.

“ఒక షరతుండాది బడే సాబ్. పెండ్లయినాక వీళ్ళిద్దరూ మీ ఇంట్లో ఉండేది లేదు. అదే ఊళ్ళో బాడుగ ఇల్లు తీసుకోవాల. ఇద్దరికీ కొత్తదై ఉండాల.”

బడే సాబ్ మీసం లేచింది. “యేంది ఆపా! పెండ్లికి ముందే ఇల్లు సీలుస్తాండావే! నాకు కొడుకు బరువైనాడా?”

“సీల్సేది కాదు సాబ్. తోకలు సీలకుండా సూసేది. మీ ఇంట్లో పొయ్యి మీ అమ్మది, మంచం మీది, కిటికీ నీ కొడుకుది. ఈ పిల్ల మెత్తనిదైతే యాడో మూలన నక్కి బతుకుతాది. ఇది నక్కే రకం కాదు, మీవాడు వదిలే రకం కాదు. ఇద్దరూ మంచోళ్ళే, కానీ పాత ఇంట్లో కాదు. దానికి ఒప్పుకుంటే నా మాట. లేదంటే ఈ సంబంధం తెచ్చిన నేనే తీసకపోతాండా.”

ఆమె తెచ్చిన సంబంధాన్ని ఆమే వెనక్కి తీసుకుంటానన్నది ఇదే మొదటిసారి. అంతవరకూ నోరు విప్పని అబ్బాస్ అలీ గొంతు సవరించుకున్నాడు.

“నాయినా, వీవర్స్ కాలనీలో ఒక ఇల్లు ఖాళీ ఉండాది. మనింటికి నాలుగు సందులే. నేను రేపే పోయి మాట్లాడి ఖాయం సేస్తా.”

“ఆ ఒక్కటి వద్దు!”

తెర వెనక నుంచి హజరా గొంతు. ఖాజాబీ ఉలిక్కిపడి అటు తిరిగింది.

“ఆయన ఒక్కడే పోయి ఖాయం సేస్తే అది మళ్ళా ఆయన ఇల్లే అయితాది. సూసేదేదో ఇద్దరం కలిసి సూస్తాం. అమ్మా, నువ్వూ రా.”

బడే సాబ్ కాసేపు తెర వైపు చూశాడు, తర్వాత కొడుకు వైపు చూశాడు. కొడుకు నవ్వు ఆపుకోలేక తల వంచేసుకున్నాడు. బడే సాబ్ మీసం మెల్లగా దిగింది.

“అయితే రేపటిదాకా ఎందుకప్పా” అన్నాడు లేస్తూ. “ఎమ్మిగనూరు బస్సు ఇప్పుడు యెన్ని గంటలకుండాది?”